ఇరవై తొమ్మిదో పొద్దు

"పండగెప్పుడు నీకు?" అని
పొద్దున వార్డులో పెద్ద నర్సు డోరీన్ అడిగింది.
రేపో ఎల్లుండో అన్నాను.
రేపా, ఎల్లుండా?
ఆమె చేతిలో డ్యూటీల పట్టీ, పెన్సిలు.
చంద్రుణ్ణి అడిగి చెప్తానన్నాను.
నవ్వలేదు.
రెండు గళ్ళలోనూ ప్రశ్న గుర్తు పెట్టుకుంది.

అందుకే ఈ డార్వెన్ కొండ మీద
చెవులు కోసే గాలిలో పదకొండుమందిమి,
గొర్రెలు కాక.
యాకూబ్ పటేల్ గారి మెడలో పాత దుర్భిణి,
ఒంటి మీద బస్సు నడిపిన రోజుల్నాటి కోటు.
హోదాన్ అనే సొమాలీ పిల్ల
ఫోనులో దిక్కులు తిప్పుతోంది:
సూర్యుడు దిగిన చోటికి కాస్త ఎడమగా,
పిడికెడు పైకి.

కింద ఊళ్ళో ఒక మసీదుకి
మక్కా నుంచి కబురొస్తే చాలు.
ఇంకొకటి మొరాకో మాట కోసం చూస్తుంది.
మా వీధి చివరిది, కంటికి కనబడితేనే అంటుంది.
పోయినేడు మా ఆయన సేమ్యా తాగుతుంటే
ఎదురుగా నేను ఒక్కపొద్దున్నాను.
ఒకే మంచం, రెండు నెలలు.

పడమరంతా మబ్బు.
ఏకని దూది, గింజ తీయని దూది,
తడిసి ముద్దైన దూది.

తాత దస్తగిరి గుర్తొచ్చాడు.
నూర్‌బాషా వాళ్ళం మేం, దూదేకులోళ్ళం.
నంద్యాల వీధుల్లో పరుపులు విప్పించి
వాకిట్లో కూర్చునేవాడు.
మనిషికన్నా పొడుగు విల్లు.
నరం మీద గూటం పడితే
టుంయ్, టుంయ్...
గడ్డ కట్టిన పరుపు నురగై లేచేది.
ఆయన రెప్పల మీద కూడా దూదే.
పక్కింటివాళ్ళు చవితి చంద్రుణ్ణి చూడకూడదని
తలుపులేసుకునేవాళ్ళు.
మేం నెలపొడుపు కోసం మిద్దెలెక్కేవాళ్ళం.
ఆకాశం ఒకటే, భయాలు వేరు.

ఈ లోయలో మిల్లులు మూగబోయి ఎన్నాళ్ళో.
ఆ పొగగొట్టం కింద ఒకప్పుడు
మా వైపు పత్తి కూడా దిగిందేమో.
ఇప్పుడక్కడ ఫోము పరుపుల దుకాణం.
తాతా, ఆ విల్లు తెచ్చి
ఈ మబ్బునొకసారి ఏకి పోరాదూ.

ఏడూ నలభై ఒకటి.
ఖర్జూరం నాలుక మీద కరుగుతోంది.
ఫ్లాస్కు మూతలో టీ చేతులు మారుతోంది.
కుక్కని తిప్పుతూ వచ్చిన ముసలాయన
ఏం పోయిందని వెతుకుతున్నారన్నాడు.
నెల, అని నోట్లోంచి తెలుగే వచ్చింది.
ఇంగ్లీషులో చంద్రుడొక మాట, నెల ఇంకో మాట.
నాకు రెండూ కలిసే పోయాయని
ఆయనకెట్లా చెప్పను?
ఆయనా కాసేపు ఆగి చూశాడు.
కుక్క కూడా.

అప్పుడు చీలింది మబ్బు
గోరంత.
ఆ సందులో ఏదో
తెల్లగా, వంగి,
చీర అంచు నుంచి జారిన పోగులా.
అదుగో అనబోయాను.
రెప్ప పడింది.
లేచేసరికి మబ్బు మూసుకుంది.

యాకూబ్ గారు నా వైపు తిరిగారు.
"చూశావా బేటీ? ప్రమాణం చేయగలవా?"
పదిమంది ఊపిరి బిగబట్టారు.
నా ఒక్క మాట మీద ఎన్ని పొయ్యిలు
ఈ రాత్రే వెలుగుతాయో.
డోరీన్ పెన్సిలు ఒక గడిలో నిలుస్తుంది.
వరసగా ఆరు రాత్రి డ్యూటీలు చేసిన నా కాళ్ళు
అవునను, అవునను అంటున్నాయి.
విమానం గీత కావచ్చు.
ఈ గాలికి కంట్లో తడి కావచ్చు.
తాత విల్లు కావచ్చు.

లేదండీ, అన్నాను.
చూడాలనుకున్నది చూశాను.

ఆయన కోప్పడలేదు.
దుర్భిణికి మూతలు పెట్టి
ముప్పై నిండుతాయిలే అన్నారు,
వాయిదా అడిగి తెచ్చుకున్న మనిషి గొంతుతో.

దిగేటప్పుడు వెనకబడ్డాను.
చంద్రుడికో నూలుపోగు అనేది నాయనమ్మ.
కనబడని చంద్రుడికి ఇవ్వచ్చో లేదో
ఆమె చెప్పలేదు.
శాలువ చివర ఒక పోగు లాగి
పడమటికి వదిలాను.
గాలి దాన్ని గొర్రెల మందలోకి తీసుకుపోయింది.

బస్టాపు నుంచి డోరీన్‌కి ఫోన్ చేశాను. ఎల్లుండి.
ఖాయమా? అంది.
ఖాయమే.
రేపు కనబడకపోయినా.